మూడోసారికి ముందు

మా ఆఫీసులో నా పని వేలంపాటలు నడపడం. అట్లా చెప్తే ఎవరికీ అర్థం కాదు కాబట్టి చుట్టాల దగ్గర "సాఫ్ట్‌వేర్" అని ఊరుకుంటాను. మీరు ఫోన్‌లో ఏదో వెబ్‌సైటు తెరుస్తారు. పేజీ పూర్తిగా కనపడేలోపే అందులో ప్రకటన కోసం వదిలిన ఖాళీ జాగా ఒకటి సంతకు వెళ్తుంది. పదీ ఇరవై కంపెనీల ప్రోగ్రాములు దానికి ధర చెప్తాయి. ఎక్కువ చెప్పినవాడి ప్రకటన మీ కళ్ల ముందుకొస్తుంది. దీనంతటికీ మేమిచ్చే గడువు 100 మిల్లీసెకన్లు. రెప్ప వేసి తెరిచేంత కూడా కాదు. గడువు దాటి వచ్చిన ధర ఎంత పెద్దదైనా చెత్తబుట్టలోకే.

ఇది ఒకసారి మా మామకు చెప్పాను. ఆయన ముప్పై ఏళ్లుగా ఆస్పరి, పత్తికొండ వైపు టమాటా మండీల్లో పాట పాడతాడు. పాట అంటే వేలంపాట. అంతా విని, కాసేపు పళ్లు కుట్టుకుంటూ కూర్చుని, "గొంతు లేదు, మొగం లేదు. అది పాట ఎట్లయితాదిరా?" అన్నాడు.

అప్పట్లో నవ్వేశాను.

మామది కైరుప్పల, మా అమ్మ పుట్టిల్లు. బయటివాళ్లకు ఈ ఊరు పిడకల సమరంతోనే తెలుసు. ఉగాది మరుసటి రోజు సాయంత్రం టీవీల్లో రెండు నిమిషాలు వస్తుంది. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ ప్రేమలో తగువొచ్చిందని, ఊరు రెండు పక్షాలై ఆ తగువును పిడకలతో తీరుస్తుంది. కారుమంచి నుంచి రెడ్డి వంశస్థుడు గుర్రం మీద వచ్చి పూజ చేస్తే గానీ మొదలవదు. దెబ్బ తగిలితే విభూతి రాసుకుంటారు. తర్వాత దేవుళ్లకు పెళ్లి. చిన్నప్పుడు ఆ దుమ్ములో దగ్గుతూ మేడ మీద నుంచి చూసేవాణ్ని. పిడకలు ఎవరు ఎక్కువ విసిరారన్నది నాకు గుర్తు లేదు. ఎవరో పెద్దాయన చెయ్యెత్తగానే అంత గోలా ఒక్కసారిగా సద్దుమణగడం మాత్రం గుర్తుంది. అది చూసి, ఆపడం కూడా ఒక పనేనన్నమాట అనుకున్నాను.

2022లో మా ఆఫీసు ఇంకా ఇంటినుంచే పని అంటోంది. బెంగళూరులో అద్దె ఎందుకు దండగని జూన్‌లో లాప్‌టాప్ పట్టుకుని కైరుప్పలకు వెళ్లిపోయాను. మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు మీటింగులు. పొద్దున్నే ఖాళీ. మామ మండీకి వెళ్లేది పొద్దున్నే. నేనూ వెంట పడ్డాను. మొదట సరదాకి. తర్వాత, నిజం చెప్పాలంటే, దీని మీద ఒక వ్యాసం రాద్దామని. సినిమాల మీదా నవలల మీదా రాసి రాసి విసుగెత్తింది, కొత్త సరుకు దొరికిందనుకున్నాను.

మనవాళ్లు వేలాన్ని 'పాట' అనడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉండేది. 'వేలం' అన్న మాట మనది కాదు. పోర్చుగీసువాళ్ల 'లెయ్‌లావ్' నుంచి వచ్చిందంటారు, హిందీలో నీలామ్, తమిళంలో ఏలం కూడా అక్కడివే. వాళ్లకు అది అరబ్బీ నుంచి వచ్చింది, అరబ్బీలో మూలార్థం ప్రకటించడం. అంత దూరం నుంచి వచ్చిన మాటకు మనం పాటని తగిలించాం. వింత ఏమిటంటే తెలుగులో పాడేది అమ్మేవాడు కాదు, కొనేవాడు. "నేను మూడొందలకు పాడినా" అంటాడు కొన్నవాడు. 'పాటదారు' అంటే కూడా కొనేవాడే. మరి మధ్యలో నిలబడి గొంతు చించుకునేవాడికి పేరేదీ? నాకు తెలిసినంతలో సరైన పేరే లేదు. మండీలో మామను "పాటాయన" అంటారు, అంతే.

ముందు అంకెలు నేర్పించాడు. నాకు అంకెలు నేర్పేదేముంది అనుకున్నాను. పది రోజులు పట్టింది. 'రెండు వందల యాభై' అంటే ఏడు అక్షరాలు. అది అనేలోపు కొనేవాడు బీడీ వెలిగించుకుంటాడు. 'ఇన్నూటయాభై' అంటే ఐదు. ఇన్నూరు, మున్నూరు, నన్నూరు అని మా అవ్వలు అంటుంటే మోటు అనుకునేవాణ్ని. అవి ఎంత పొదుపైన మాటలో మండీలో తెలిసింది. పైగా బళ్లారి వైపు నుంచి వచ్చిన వ్యాపారికీ అర్థమవుతాయి, ఎందుకంటే కన్నడలోనూ ఇన్నూరు, మున్నూరే. నూరు దగ్గర రెండు భాషలకూ సరిహద్దు లేదు. యాభై దగ్గర మొదలవుతుంది, 'ఐవత్తు' అని. మామ ఆ చోట ఒక్క క్షణం ఆ వ్యాపారి వైపు తిరిగి 'మున్నూరైవత్తు' అనేసి మళ్లీ తెలుగులోకి వచ్చేస్తాడు. ఆ తిరగడం ఎంత నున్నగా ఉంటుందంటే, నేను ఫోన్‌లో రికార్డు చేసి విన్నప్పుడు గానీ పట్టుకోలేకపోయాను.

రెండో పాఠం ఊతపదం. అమెరికాలో పశువుల వేలం పాడేవాళ్లు అంకెకూ అంకెకూ మధ్య ఏవో మాటలు నింపుతారు, వింటే నోట్లో గులకరాళ్లు దొర్లుతున్నట్టు ఉంటుంది. అక్కడ దీనికి బడులున్నాయి. మిస్సోరీలో ఒక బడి 1905 నుంచి నడుస్తోంది. నోరు తిరగని వాక్యాలు వల్లె వేయించి, అంకెలు ముందుకీ వెనక్కీ లెక్కపెట్టించి తయారుచేస్తారు. మామ ఊతపదం 'అప్పా'. "మున్నూరప్పా మున్నూరు, మున్నూటపది ఎవరప్పా, మున్నూటపది." ఆ 'అప్పా'లో ఊపిరి తీసుకుంటాడు. నేను మేడ మీద నిలబడి తెల్లారుజామున ఐదైదు చొప్పున ఎక్కుతూ, పదిపది చొప్పున దిగుతూ అప్పా అప్పా అంటుంటే పక్కింటి వాళ్లు అత్తను అడిగారట, పిల్లోనికి బాగలేదా అని.

మూడో పాఠం దగ్గరే నేను ఆగిపోయాను. చూపు.

"సూపు ముందర పోవల్ల, నోరు ఎనకాల పోవల్ల. నువ్వు నోరు ముందర పంపిస్తాండావు," అన్నాడు మామ. అత్తనీ పిల్లల్నీ మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి, ఎవరో ఒకరు ముక్కు గోక్కోవడమో పైట సర్దుకోవడమో చేస్తే, నేను అంకెలు ఆపకుండా అది పట్టుకోవాలి. మండీలో ఎవరూ చెయ్యెత్తరు. ఎత్తితే పక్కవాడికి తెలిసిపోతుంది కదా. ఒకాయన చెవి దగ్గర పెన్ను తాకుతాడు. ఒకాయన నోట్లో బీడీ తీస్తే పాడుతున్నట్టు. ఇంకొకాయన ఉన్నాడు, తల వంచుకుని ఫోన్ చూస్తున్నంత సేపూ పాటలో ఉన్నట్టు, తల ఎత్తి మామను చూశాడంటే వదిలేసినట్టు. ఇవన్నీ ఎక్కడా రాసి ఉండవు. కొత్త వ్యాపారి వస్తే వాడి గురుతు ఏమిటో పట్టుకోవడానికి మామకు రెండు కుప్పలు చాలు.

ఇదే జనం, ఇదే ప్రాంతం. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దుల బేరం మాట లేకుండా జరగడం చిన్నప్పుడు చూశాను. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది ఉన్నా ఎవరికీ తెలియదు. ఆదోని పత్తి యార్డులో గొంతు ఎప్పుడో పోయింది, అంతా టెండరు, తర్వాత కంప్యూటరు. 2016లో కేంద్రం ఈ-నామ్ తెచ్చాక ఎక్కడో కూర్చున్నవాడు కూడా ధర చెప్పొచ్చు. మోసం తగ్గుతుందన్నారు, కొంత తగ్గే ఉంటుంది. కొనేవాళ్లు నలుగురూ ముందే టీకొట్టు దగ్గర మాట్లాడుకుని వస్తే మామ గొంతు చేయగలిగేది పెద్దగా ఉండదు, అది ఆయనే చెప్తాడు. పాత పద్ధతి అంతా బంగారమని నేననను.

ఒకరోజు ఆటోలో తిరిగొస్తూ మామకు విలియం విక్రీ సంగతి చెప్పాను. 1961లో ఆయనొక పేపరు రాశాడు. కొన్ని షరతులకు లోబడి, వేలం ఏ పద్ధతిలో వేసినా, గొంతెత్తి పాడినా, కాగితం మీద రాసి కవరులో పెట్టినా, సగటున అమ్మేవాడికి వచ్చేది ఒకటేనని చూపించాడు. 1996లో నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే చనిపోయాడు పాపం. మా రంగమంతా ఆయన వేసిన పునాది మీదే ఉంది. మామ శ్రద్ధగా విన్నాడు. "ఆ పేపర్లో పాడేవాడు యాడుంటాడు?" అన్నాడు. ఆలోచించాను. ఎక్కడా లేడు.

ఆగస్టు చివర్లో మామ గొంతు పోయింది. జలుబు కాదు. ఆదోనిలో డాక్టరు చూసి స్వరతంత్రుల మీద కాయలు కాశాయని, నెలన్నర పాటు గుసగుస కూడా ఆడొద్దని చెప్పాడు. చేతుల్లో కాసినట్టే గొంతులోనూ కాస్తాయట. మండీలో వేరే అతను పాడటం మొదలుపెట్టాడు. మామ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, చేతిలో పాత చీటీల కట్ట, పెన్ను. మాట్లాడాలంటే చీటీ వెనక రాయడమే.

ఒక పొద్దున ఆ వేరే అతనికి ఏదో ఫోనొచ్చింది, అర్జంటుగా వెళ్లాల్సొచ్చింది. నాలుగు కుప్పలు మిగిలాయి. పెద్ద వ్యాపారుల లారీలు నిండిపోయాయి, ఉన్నవాళ్లు ఐదారుగురే. మండీ ఆయన నా వైపు చూసి, "నీ అల్లుడు పాడతాడంట కదా, పాడమను," అన్నాడు మామతో. మామ తల ఊపాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. నేను అప్పటికే గట్టు ఎక్కేశాను.

మొదటి కుప్ప మున్నూటపదికి పోయింది. మా వైపు జత గంపల లెక్క, అంటే సుమారు యాభై కిలోలు. రెండోది మున్నూరు. గొంతు కుదిరింది. మేడ మీద చేసిన సాధనంతా ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చి నిలబడింది. మూడో కుప్ప ఒక అవ్వది, ఇరవై రెండు జతలు. ఇన్నూటయాభైతో ఎత్తుకున్నాను. అరవై, డెబ్బై, ఎనభై. హమాలీలు నవ్వుతూ చూస్తున్నారు, ఎవడో ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఇన్నూటతొంభై దగ్గర "ఒకటోసారప్పా రెండోసారప్పా మూడోసారి" ఒకే గుక్కలో, తాళం తప్పకుండా, అట్టముక్క మీద చేత్తో కొట్టి ముగించాను. అంత బాగా ఇంతకుముందెప్పుడూ రాలేదు.

కొట్టాక కనపడింది. చివరన నిలబడ్డ బళ్లారి ఆయన నోట్లోంచి బీడీ తీసి, వేళ్ల మధ్య పట్టుకుని, నా వైపే చూస్తున్నాడు.

కొట్టేసిన పాట కొట్టేసినట్టే. మళ్లీ తెరిస్తే రేపట్నుంచి ఎవడూ నమ్మడు. టీకొట్టు దగ్గర ఆయన మామూలుగానే అన్నాడు, ఇంకో ఇరవై అయినా పెట్టేవాణ్నని. ఇరవై రెండు జతలకు 440 రూపాయలు. బెంగళూరులో ఆ డబ్బుకు రెండు కాఫీలొస్తాయి, మా వీధిలో అయితే ఒకటిన్నర.

అవ్వ చీటీ తెచ్చి నా చేతికే ఇచ్చింది, చదవమని. "ఇన్నూటతొంభై, అవ్వా," అన్నాను.

"ముందర కుప్ప మున్నూటపది పాయె గదప్పా? నా కాయ దానికన్న బాగుండె గదా?"

ఏమీ అనలేకపోయాను. ఆమె ఎదురుచూడలేదు కూడా. కమీషన్, హమాలీ, ఆటో బాడిగ, కోత కూలీ అని వేళ్ల మీద తీసేసుకుంటూ పోయి, మిగిలిందేమిటో తనలో తాను అనుకుని, చీటీ మడిచి రొంటిన దోపుకుని వెళ్లింది.

ఇంటికొచ్చాక 440 ఆమెకు ఇచ్చేస్తానన్నాను మామతో. ఆయన చీటీ వెనక రాశాడు: "ఈపొద్దు ఇస్తావు. రేపు ఎవరికిస్తావు?" నేను లెక్క తప్పలేదనీ, సమయం సరిగానే ఇచ్చాననీ ఏదో వాదించబోయాను. ఆయన ఇంకో చీటీ తీసి రాసి నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. "నీ గొంతు నువ్వే వింటాంటివి."

ఆ చీటీ ఇంకా నా దగ్గర ఉంది.

తర్వాత వారం రోజులు మండీకి వెళ్లలేదు. రాత్రుళ్లు యూట్యూబ్‌లో వేలాలు చూస్తూ కూర్చున్నాను, ఈసారి మాటలు తీసేసి, మ్యూట్‌లో పెట్టి. అప్పుడర్థమైంది, లండన్ చిత్రాల వేలాల్లో సుత్తి పట్టుకున్నవాళ్లు అసలు తొందరపడరు. చెయ్యి గాలిలో అట్లా ఆగిపోతుంది. వదులుకోబోతున్నవాడి ముఖంలోకి నవ్వుతూ చూస్తారు. ఐపీఎల్ వేలం నడిపిన హ్యూ ఎడ్మీడ్స్ కూడా ఆ బళ్లోవాడే. అదే ఏడాది ఫిబ్రవరిలో బెంగళూరు వేలం మధ్యలో ఆయన కుప్పకూలితే, చారు శర్మను అప్పటికప్పుడు పిలిపించి కూర్చోబెట్టారు. చారు శర్మ బాగానే నడిపాడు, అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం నేను గట్టెక్కిన రోజే గుర్తొచ్చి కడుపులో తిప్పింది.

ఇంతలో వినాయక చవితి వచ్చింది. మామ వీధిలో చిన్న మండపం. నిమజ్జనం రోజు లడ్డు పాట. ఎప్పుడూ మామే పాడతాడు, ఈసారి నన్ను పాడమన్నారు. వద్దన్నాను. మామ చెయ్యి పట్టుకుని ముందుకు తోశాడు.

లడ్డు పాట టమాటా పాట లాంటిది కాదు. 1994లో బాలాపూర్‌లో మొదటిసారి 450 రూపాయలకు పోయిన లడ్డు 2022లో 24 లక్షల 60 వేలు పలికింది. దాన్ని చూసి ప్రతి వీధికీ ఒక లడ్డు, ప్రతి లడ్డుకీ ఒక పంతం. టమాటాకు పాడేవాడు మనసులో లారీ బాడిగ, హైదరాబాద్ ధర లెక్కేసుకుంటాడు. లడ్డుకు పాడేవాడి మనసులో ఉండేది పక్కవాడు. వేలంవెర్రి అన్న మాట ఊరికే పుట్టలేదు.

వెయ్యినూటపదహార్లతో మొదలైంది. పది వేలు దాటేసరికి ఇద్దరు మిగిలారు. ఒకాయనకు రెండు ట్రాక్టర్లున్నాయి. రెండోవాడు ఆటో నడుపుతాడు, ఆ ఆటో మీద కిస్తీలున్నాయని ఊరంతటికీ తెలుసు. ఇద్దరికీ మధ్య పాత తగువేదో ఉంది. ఇరవై వేలు, ఇరవై రెండు. కుర్రాళ్లు ఈలలు. కమిటీవాళ్లు వెనక నుంచి "లాగన్నా, లాగు," అంటున్నారు. ఈసారి నేను నోరు వెనకే పంపాను. చూపు అందరి మీద తిప్పాను. ఆటో అతని భార్య పందిరి గుంజ పక్కన చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. ఆమె మొగుడి వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది.

ట్రాక్టర్ల ఆయన ఇరవై ఏడు వేలన్నాడు. ఆటో అతను పెదాలు తడుపుకున్నాడు. ఇంకో క్షణం ఇస్తే ఇరవై ఎనిమిది అంటాడు, నాకు తెలుసు. అంత స్పష్టంగా నాకు ఎవరి పాటా ఎప్పుడూ ముందే వినపడలేదు. ఒకటి రెండు మూడు ఒకే గుక్కలో అనేసి ట్రాక్టర్ల ఆయనకు కొట్టేశాను.

"నేనింకా ఉండా! నేనింకా ఉండా!" అని అరిచాడతను, ముందుకొచ్చి. ఎవరో పట్టుకున్నారు. కమిటీ వాళ్లకు కోపం. ఇంకో ఐదారు వేలు వచ్చేవి, గుడి గేటుకు పనికొచ్చేవి అన్నారు. అతను ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడు. అతని పాట అతను పాడుకునే హక్కును నేను లాక్కున్నానంటే కాదనలేను. పదిమందిలో "నీకు స్తోమత లేదు" అని నేను తీర్పు చెప్పినట్టే కదా. ఆమె నా వైపు చూసిందని నేననుకున్నాను. బిడ్డకు లైట్లు చూపిస్తోందేమో.

అవ్వకు చేసిందీ అతనికి చేసిందీ చేత్తో కొట్టడం వరకు ఒకటే. వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనపడదు.

రాత్రి మేడ మీద మామను అడిగాను, తప్పా ఒప్పా అని. డాక్టరు చెప్పిన నెలన్నర ఇంకా కాలేదు, అయినా గుసగుసగా అన్నాడు: "ఈతూరి సూసినావు." కాసేపాగి, "సూసి కూడా తప్పు చేయొచ్చు," అన్నాడు. అత్త లోపలి నుంచి కేకేసింది మాట్లాడొద్దని.

అక్టోబరులో ఆఫీసుకు రమ్మన్నారు. మొదటి వారంలోనే గడువును 100 నుంచి 80కి తగ్గించాలని ఒక పని నా మీద పడింది, పేజీలు త్వరగా తెరుచుకుంటాయని. నాలుగు లైన్ల మార్పు. చేసే ముందు, ఇన్నేళ్లలో ఎప్పుడూ తెరవని ఒక పట్టిక తెరిచాను, గడువు దాటాక వచ్చిన ధరలది. 103 మిల్లీసెకన్లకు ఒకటి, 101కి ఒకటి, లక్షల్లో. కొన్ని గెలిచినవాటికన్నా పెద్దవి. ఒక్కొక్కటీ ఒక వరస, ఒక సమయం, ఒక అంకె. బీడీ తీసినవాడు ఎవడో తెలిసే దారి లేదు. కాసేపు కిందికీ పైకీ జరిపి, మూసేసి, మార్పు చేసేశాను.

2023 ఉగాదికి మళ్లీ కైరుప్పల వెళ్లాను. మరుసటి రోజు పిడకల దుమ్ము సర్దుకున్నాక, గుడి పక్కన చెరుకురసం బండి దగ్గర ఆ అవ్వ కనపడింది. పక్క ఊరి నుంచి దేవుళ్ల పెళ్లికి వచ్చినట్టుంది. నన్ను గుర్తుపట్టదనుకున్నాను.

"మండీలో పాడినావే, నువ్వే గదప్పా?"

"నేనే, అవ్వా."

"ఈ యేడు వానలకు మల్లా టమాటా పెడదామనుకుంటాండాం. ఎవురు పాడతారు, నువ్వా, మీ మామనా?"

"మామే. గొంతు వచ్చింది."

"అయితే తెస్తాంలే," అంది.